ప్రశ్న హైదరాబాద్‌లో, జవాబు మండలంలో: బడి నిధులపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్తే. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల శ్రోతలందరికీ స్వాగతం. ఊరి బడి గురించి ఎమ్మెల్యేకు చెప్పుకుంటాం. అది అసెంబ్లీ దాకా పోవాలంటే ఏం చేయాలె, పోయినంక పని ఎందుకు ఆగుతది? విద్యాశాఖ లెక్కలు, సభలో ప్రశ్నలకు జవాబులు తయారయ్యే పద్ధతి తెలిసిన విశ్రాంత అధికారి మనతో ఉన్నరు. మొదటి ఫోను నల్లగొండ జిల్లా నుంచి. చెప్పు అక్కా.

కాలర్: నమస్తే సార్. మా ఊరి ప్రైమరీ బడిల 46 మంది పిల్లలున్నరు. మరుగుదొడ్లల్ల నీళ్ళు రావు, స్లాబు కురుస్తది. ఎమ్మెల్యే సారుకు దరఖాస్తు ఇచ్చినం. ఇంక ఏం జేయాలె?

సలహాదారు: దరఖాస్తులో ఏమని రాసిండ్రమ్మా?

కాలర్: బడిని బాగు చేయాలె అని.

సలహాదారు: అట్ల రాస్తే అది ఏ టేబుల్ మీదికి పోవాలో ఎవ్వరికీ తెలియదు. మీరు చెప్పినవి రెండు పనులు, రెండింటికీ పైసలు వేరే వేరే చోట్ల ఉంటయి. నీళ్ళ సంగతి ముందు చూద్దాం. బడుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ప్రతి బడికి ఏటా కాంపోజిట్ గ్రాంట్ ఉంటది, అంటే బడి చిన్న చిన్న ఖర్చులకు ఇచ్చే డబ్బు. 30 మంది లోపు 10 వేలు, 31 నుంచి 100 వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, వెయ్యి వరకు 75 వేలు. మీది 25 వేల బడి. అందులో కనీసం 10 శాతం శుభ్రతకే పెట్టాలి. మోటారు స్టార్టర్ కాలినా, పైపు పగిలినా, నల్లా పోయినా దీంట్లోంచే చేయించొచ్చు, ఎమ్మెల్యే దాకా పోనక్కర లేదు. ఊడ్చి కడిగే మనిషి కోసం 2024లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మీ అంత బడికి నెలకు 6 వేలు, అది వేరే.

కాలర్: పెద్దసారును అడిగితే గ్రాంట్ రాలేదంటడు.

సలహాదారు: రాకపోవచ్చు, సగమే వచ్చి ఉండొచ్చు. ఇంకో తిప్పలు కూడా ఉంది. ఆ డబ్బు బడి చేతికి నగదుగా రాదు, ఖాతాలో ఇంత ఖర్చు పెట్టొచ్చని లిమిట్ వేస్తరు. మార్చి నెలాఖరుకు వాడకపోతే వెనక్కి పోతది. ఆలస్యంగా వేసినప్పుడు బిల్లులు పెట్టే టైమే దొరకదు. అందుకే గ్రాంట్ వచ్చిందా అని అడగొద్దు. ఎంత లిమిట్ పడింది, ఏ తేదీన పడింది, ఎంత వాడిండ్రు అని అడగండి. బడి పనులు చూసే మీ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి చైర్‌పర్సన్ మీ ఊరి మహిళా పొదుపు సంఘాల గ్రామ సంఘం అధ్యక్షురాలే, హెడ్మాస్టరు కన్వీనరు. మీటింగ్‌ల అడిగి మినిట్స్ బుక్కుల రాయించండి. అప్పటికీ చెప్పకపోతే సమాచార హక్కు కింద క్యాష్ బుక్ నకలు అడగొచ్చు, 30 రోజుల్లో ఇయ్యాలె. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఫీజు లేదు.

ఒక్క మాట. మీది మర్రిగూడ, చండూరు వైపు లాగ ఫ్లోరైడ్ ఊరైతే బోరు నీళ్ళు, మిషన్ భగీరథ నల్లా నీళ్ళు ఒకే ట్యాంకులకు ఎక్కించకండి. చాలా బడుల్లో చేసే పొరపాటు ఇదే. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్ళు మరుగుదొడ్లకు సరిపోతయి, తాగడానికి కాదు. తాగే నీళ్ళకు చిన్న ట్యాంకు, వేరే పైపు.

కాలర్: మరి స్లాబు?

సలహాదారు: అది గ్రాంట్‌తో అయ్యేది కాదు. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీర్, వచ్చి చూసి ఎస్టిమేట్ వేయాలె. ఆ ఎస్టిమేట్, నాలుగు ఫొటోలు, ఎన్ని గదులు కురుస్తున్నయో రాసిన ఒక్క కాగితం పట్టుకొని అప్పుడు ఎమ్మెల్యే దగ్గరికి పోండి.

యాంకర్: తర్వాతి ఫోను మహబూబ్‌నగర్ నుంచి. చెప్పు తమ్మీ.

కాలర్: సార్, అసెంబ్లీల జీరో అవర్‌ల మాట్లాడిస్తే మంచిదా, ప్రశ్న వేయిస్తే మంచిదా?

సలహాదారు: మంచి ప్రశ్న తమ్మీ. జీరో అవర్ అంటే ఎమ్మెల్యేలు తమ ప్రాంతం సమస్యలు చెప్పుకునే సమయం. అందులో మాట్లాడితే వీడియో వస్తది, పేపర్ల వస్తది. మంత్రి అక్కడికక్కడ జవాబు చెప్పాలని లేదు, నోట్ చేసుకున్నాం అంటే అయిపోయింది. ప్రశ్న అట్ల కాదు. నక్షత్రపు గుర్తు ఉన్నదైతే మంత్రి సభలో నోటితో చెప్తడు, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదైతే రాతపూర్వకంగా వస్తది. ఊరి బడికి నన్నడిగితే రాతపూర్వకమే మేలు. అంకెలు కాగితం మీద ఉంటయి, రేపు ఎవ్వరూ కాదనలేరు.

అయితే ఆ జవాబు రాసేది సచివాలయంలో కాదు. ప్రశ్న శాఖకు వస్తది, అక్కడి నుంచి డైరెక్టరేట్‌కు, జిల్లా విద్యాధికారి డీఈవోకు, మండల విద్యాధికారి ఎంఈవోకు దిగుతది. చివరికి హెడ్మాస్టర్‌కు ఫోన్ చేసి ‘గంటల పంపు’ అంటరు. టైమ్ లేనప్పుడు ఫోన్ కూడా చేయరు, బడుల వివరాలన్నీ నమోదు చేసే యూడైస్ అనే ప్రభుత్వ లెక్కల్లో ఉన్నదే ఎత్తి రాస్తరు. అందులో మరుగుదొడ్డి పనిచేస్తుంది అని నమోదై ఉంటే సభలో జవాబు కూడా అదే. మీ ఎమ్మెల్యే అబద్ధమాడినట్టు అవుతది. అందుకే ప్రశ్న వేయించే ముందు మీ బడి యూడైస్ రిపోర్ట్ కార్డు చూడండి. 11 అంకెల కోడ్ ఉంటది, మన రాష్ట్రానిది 36తో మొదలైతది. గదులెన్ని, అందులో పెద్ద రిపేర్లు కావాల్సినవెన్ని, పనిచేసే మరుగుదొడ్లెన్ని, టీచర్లెందరు. ఈ నాలుగు సరిచేయించినంకనే ముందుకు.

కాలర్: ప్రశ్న ఎట్ల రాయాలె సార్?

సలహాదారు: ‘విద్యాశాఖ మంత్రి దయచేసి తెలుపుతారా’ అని మొదలుపెట్టి అ, ఆ, ఇ అని భాగాలు చేయాలె. అ) ఫలానా నియోజకవర్గంలో రిపేరు అవసరమైన గదులున్న ప్రభుత్వ బడులెన్ని, మండలాలవారీగా. ఆ) వాటికి ఈ రెండేళ్ళలో మంజూరైన మొత్తం, విడుదలైన మొత్తం, చెల్లించిన బిల్లులు విడివిడిగా ఎంత. ఇ) మిగిలినవి ఎప్పటిలోగా ఇస్తరు. ఆ రెండోది గట్టిగా పట్టుకోండి. మంజూరు వేరు, విడుదల వేరు, బిల్లు పాసవడం వేరు. నిధులు మంజూరు చేశామని జవాబొస్తే బడికి రూపాయి వచ్చినట్టు కాదు. ఒక్క బడి పేరు మీదే ప్రశ్న వేయకండి, నియోజకవర్గం మొత్తానికి వేస్తే మీ బడి జాబితాల ఎట్లాగూ వస్తది.

యాంకర్: ఇంకో ఫోను, హైస్కూల్ టీచర్‌నంటున్నరు.

కాలర్: సార్, సర్కారు బడులు బాగుచేసే ‘మన ఊరు-మన బడి’ పథకంల మా బడికి డైనింగ్ షెడ్ మొదలై బేస్‌మెంట్ దగ్గర ఆగింది. ఎమ్మెల్యే నియోజకవర్గ నిధుల నుంచి పూర్తి చేయించుకోవచ్చా?

సలహాదారు: చేయించుకోవచ్చు, మెలిక ఉంది. ఆ పథకం 2022 మార్చిలో వనపర్తిలో మొదలైంది. మొత్తం 26,065 బడులు, తొలి విడతకు 9,123 అనుకున్నరు. చాలా చోట్ల బిల్లులు రాక కాంట్రాక్టర్లు ఆపేసిండ్రు. మీ షెడ్డు కాగితాల్లో ఇంకా ఆ పథకం కిందనే నడుస్తున్నట్టు ఉంటది. అదే పనికి ఇంకో పద్దు నుంచి డబ్బు పెడితే ఆడిట్‌ల పట్టుకుంటరు. కాబట్టి ముందు అయిన పని వరకు ఎం-బుక్‌ల, అంటే ఇంజినీర్లు పని కొలతలు రాసే పుస్తకంల, కొలతలు ఎక్కించమనండి. మిగిలిన పనికి వేరే ఎస్టిమేట్, పాత పద్దు నుంచి ఇక డబ్బు రాదని ఇంజినీర్ రాతపూర్వక మాట. ఎమ్మెల్యే చేసేది సిఫారసు మాత్రమే, మంజూరు ఉత్తర్వు జిల్లా యంత్రాంగం నుంచే రావాలె. ఆ కాపీ చేతికొచ్చేదాకా కాంట్రాక్టర్‌ను రమ్మనకండి.

యాంకర్: టైమ్ తక్కువుంది. అచ్చంపేట వైపు తండా నుంచి అన్న, జల్ది చెప్పు.

కాలర్: మా బడిల 58 మంది పిల్లలు, ఒక్కడే సారు.

సలహాదారు: విద్యా హక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరుండాలె. ముందు బోర్డు చదవండి. ఆ బడి మండల పరిషత్‌దా, గిరిజన సంక్షేమ శాఖదా? రెండోదైతే విద్యాశాఖ మంత్రికి ప్రశ్న వేస్తే ‘మా పరిధి కాదు’ అని తిరిగొస్తది. ఒక సెషన్ అట్లనే పోతది. టీచర్ల సంగతి శాసన మండలిలో కూడా ఎత్తొచ్చు. మీకు మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఉన్నరు, నల్లగొండవాళ్ళకు వరంగల్-ఖమ్మం-నల్లగొండ సీటు. ఈలోగా సోమవారం కలెక్టరేట్‌ల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిల డిప్యుటేషన్ అడగండి, అంటే వేరే బడి నుంచి తాత్కాలికంగా ఒక టీచర్‌ను పంపమని. దరఖాస్తుతోని పిల్లల హాజరు రిజిస్టర్ జిరాక్స్ పెట్టండి. రసీదు నంబర్ తీసుకోకుండ బయటికి రావొద్దు.

కాలర్: రసీదు ఇయ్యమంటే రేపు రమ్మంటరు సార్.

సలహాదారు: కౌంటర్ కాడనే నిలబడుండ్రి అన్నా, కంప్యూటర్ల ఎక్కిస్తే నంబరు వస్తది.

యాంకర్: లైన్లో ఇంకా నలుగురున్నరు, వాళ్ళకు వచ్చే వారం మొదట అవకాశం. మధ్యాహ్న భోజనం బిల్లుల మీద మాట్లాడుకుందాం.