నీరు పల్లమెరుగు: ఎస్ప్రెసో మెషిన్‌కు డ్రెయిన్ లైన్

(దగ్గరి షాట్: మెషిన్ కింద కారే నీళ్లు పట్టే డ్రిప్ ట్రే, అంచు దాకా నిండింది. రెండు చేతులు దాన్ని మెల్లగా బయటికి లాగుతున్నాయి.)

సింకు నాలుగడుగుల దూరమే. కానీ పొద్దున్నే, కళ్లు పూర్తిగా తెరుచుకోకముందే ఈ ట్రేని ఒలకకుండా మోయాలంటే... ఇదిగో, ఒలికింది.

ఈ మోత లేకుండా నీళ్లు వాటంతటవే సింకు పైపులోకి పోయేలా ఈ రోజు డ్రెయిన్ లైన్ వేద్దాం.

కాఫీ షాట్ తీయడం ఆపగానే 'ఫుస్'మని ఒక శబ్దం వస్తుంది కదా? చాలా మెషిన్లలో అది సొలెనాయిడ్ వాల్వు, అంటే కరెంటుతో తెరుచుకునే వాల్వు, తెరుచుకున్న శబ్దం. కాఫీ మీద 9 బార్ల దాకా ఉన్న ఒత్తిడిని అది ఒక్కసారిగా వదిలేస్తుంది. నీళ్లతో పాటు మెత్తటి కాఫీ పొడి, జిడ్డు కూడా ట్రేలోకి వస్తాయి. అంటే మనం వేసేది నీళ్ల పైపు కాదు, పల్చటి బురద పైపు. ఇది గుర్తుంటే సగం తప్పులు జరగవు.

ముందు ట్రేని తిరగేసి చూడండి. కొన్నిటికి అడుగున బిరడా బిగించిన రంధ్రం ఉంటుంది. లేకపోతే ఆ మోడల్‌కు డ్రెయిన్ కిట్ దొరుకుతుందేమో చూడండి. ప్లాస్టిక్ ట్రేకి డ్రిల్ పెట్టమని మాత్రం నేను చెప్పను, పగిలితే కొత్త ట్రే కొనాల్సిందే.

(కోసిన గొట్టం ముక్క కెమెరా ముందుకు.)

ఇది నా మొదటి గొట్టం. ఎందుకైనా మంచిదని అరమీటరు ఎక్కువ వదిలాను. ఆ ఎక్కువ ముక్క క్యాబినెట్‌లో ఉయ్యాలలా వేలాడింది. ఆ వంపులో నీళ్లు నిలిచాయి, నీళ్లలో కాఫీ మడ్డి దిగింది. చూడండి, తారు పోసినట్టు సగానికి పైగా పూడిపోయింది. ఒకరోజు ట్రే పొంగి, కింద దాచిన గిన్నెలన్నీ తడిశాయి.

ఇక్కడ పంపు లేదు, నీళ్లు కిందికి జారడం ఒక్కటే ఆధారం. అందుకే మీటరుకు కనీసం 2 సెంటీమీటర్ల వాలు ఉండాలి, మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు. రసమట్టం పెట్టి చూసి, అడుగడుక్కీ క్లిప్పు కొట్టండి. మిగిలిన గొట్టాన్ని జాలిపడకుండా కోసేయండి.

గొట్టం లోపల నున్నగా ఉండాలి. ముడతల పైపు వద్దు, ప్రతి ముడతలోనూ పొడి చేరుతుంది. లోపలి వ్యాసం 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. పల్చటి ప్లాస్టిక్ గొట్టం వేడినీళ్లకు మెత్తబడి మలుపు దగ్గర నొక్కుకుపోతుంది, కాబట్టి వేడిని తట్టుకునే, దారం అల్లిక ఉన్నది తీసుకోండి.

కౌంటర్‌కు రంధ్రం చేయాలా? గ్రానైట్ అయితే డైమండ్ బిట్, నీళ్లు పోస్తూ, నిదానంగా. అలవాటు లేకపోతే పనివాళ్లకే వదిలేయండి.

ఇక సింకు కింద. అక్కడ వంగిన పైపు, అంటే ట్రాప్, ఉంటుంది. అందులో నిలిచే నీళ్లే మురుగు వాసనను ఆపేది. మన లైన్ ఎప్పుడూ ట్రాప్‌కి ముందే కలవాలి. దాటాక కలిపితే వాసన నేరుగా మెషిన్ దాకా వస్తుంది. గొట్టం కొసను మురుగునీటిలో ముంచకండి. కింద, ట్రాప్‌లోకి వెళ్లే గరాటు లాంటిది పెట్టి, దాని అంచుకు, గొట్టం కొసకు మధ్య గొట్టం వ్యాసానికి రెండింతల ఖాళీ వదలండి. సింకు జామ్ అయినా ఆ మురికి గొట్టంలోకి ఎక్కదు. మీ ప్రాంతంలో ప్లంబింగ్ నియమాలుంటే అవే ఫైనల్.

అద్దె ఇల్లా? కింద ఒక క్యాన్ పెట్టి అందులోకి వదలండి. మూతకు గాలి రంధ్రం మరవకండి, లేకపోతే లోపలి గాలి నీళ్లను దిగనివ్వదు.

(జగ్గుతో ట్రేలోకి నీళ్లు.)

ఇప్పుడు లీటరు వేడినీళ్లు ఒకేసారి పోయండి. ప్రతి అతుకు కిందా టిష్యూ పేపరు పరచండి, కంటికి కనపడని చెమ్మ దాని మీద తెలిసిపోతుంది. తడిస్తే అక్కడ గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంప్ ఇంకాస్త బిగించండి. ఆ తర్వాత వారానికోసారి ఇలాగే ఒక జగ్గు వేడినీళ్లు పోస్తే మడ్డి చేరదు.

(కాఫీ షాట్ ఆగుతుంది. ఫుస్. గొట్టంలో గోధుమరంగు నీళ్లు జారిపోతున్నాయి.)

ఆ టిష్యూలు మాత్రం ఇంకో రెండు రోజులు అక్కడే ఉండనివ్వండి.