ప్రాప్ 13: ఒకే వీధిలో రెండు పన్నులు

సభకు నమస్కారం.

కాలిఫోర్నియాలో ఎన్నికలు దగ్గరపడుతుండగా ప్రతి ఓటరు ఇంటికీ రాష్ట్రం నుంచి ఒక లావుపాటి గైడు వస్తుంది. అందులో ప్రాప్‌లు ఉంటాయి. ఒక్కోసారి పది దాటతాయి. ప్రాప్ అంటే ప్రపోజిషన్, ఓటుకు పెట్టే ప్రతిపాదన. శాసనసభ చేయాల్సిన చట్టాన్ని ఓటరే నేరుగా రాసుకోవడమో, రాజ్యాంగాన్నే సవరించుకోవడమో ఈ ప్రాప్‌ల పని. ఇండియాలో మనకు అలవాటు లేని సంగతి ఇది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఇంటి పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకు మార్చినప్పుడు అది శాసనసభ, మున్సిపల్ శాఖ మధ్యే నడిచింది. మీ పన్ను రేటు ఎంత ఉండాలని ఓటరును ఎవరూ అడగలేదు. ఇక్కడ అడుగుతారు. అడిగినప్పుడు చెప్పిన జవాబు దాదాపు యాభై ఏళ్ళపాటు ఎలా పనిచేస్తుందో చెప్పడానికి, 1978లో ఆస్తి పన్నుకు హద్దు పెట్టిన ప్రాప్ 13 కన్నా మంచి ఉదాహరణ లేదు.

ముందు ఒక లెక్క చూద్దాం. ఒకే వీధిలో ఒకే కొలతలతో రెండు ఇళ్ళున్నాయనుకోండి. మొదటిది 1995లో 3 లక్షల డాలర్లకు కొన్నది. రెండోది 2025లో 18 లక్షల డాలర్లకు కొన్నది. ప్రాప్ 13 ప్రకారం మొదటి ఇంటి పన్ను విలువ, అంటే పన్ను లెక్కకట్టే విలువ, ఏడాదికి 2 శాతం చొప్పున ముప్పై ఏళ్ళు పెరిగితే సుమారు 5,43,400 డాలర్లవుతుంది. దాని మీద 1 శాతం అంటే 5,434 డాలర్లు. రెండో ఇంటికి 18,000 డాలర్లు. రోడ్డు అదే, బడి అదే, ఫైరింజను అదే. పన్ను మాత్రం మూడు రెట్ల పైన తేడా. ఇది అన్యాయమని అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన కేసు నార్డ్లింగర్ వర్సెస్ హాన్. పక్కింటివాళ్ళకన్నా ఐదు రెట్ల పన్ను కడుతున్నానన్నది కేసు వేసిన ఇంటావిడ నార్డ్లింగర్ వాదన. 1992లో కోర్టు 8-1తో ప్రాప్ 13 చెల్లుతుందనే తీర్పిచ్చింది.

ఇది ఎందుకొచ్చిందో కూడా తెలుసుకోవాలి. 1970ల్లో కాలిఫోర్నియా ఇళ్ళ ధరలు వేగంగా పెరిగాయి. పన్ను విలువలూ వాటితోపాటే పెరిగాయి. కౌంటీ, నగరం, స్కూల్ డిస్ట్రిక్ట్ ఎవరి రేటు వారు వేసుకునేవారు. అన్నీ కలిపితే సగటున 2.67 శాతం దాకా పోయేది. రిటైరై, అప్పు తీరిపోయిన ఇంట్లో ఉంటున్న పెద్దవాళ్ళకు ఆదాయం పెరగలేదు, బిల్లు పెరిగింది. శాసనసభ ఉపశమనం ఇవ్వకుండా తాత్సారం చేసింది. పన్నుల మీద పోరాడుతున్న హోవర్డ్ జార్విస్, పాల్ గాన్ ఈ ప్రాప్ కోసం సంతకాలు సేకరించారు. 1978 జూన్ 6న దాదాపు 65 శాతం ఓటర్లు ఔనన్నారు. ఆ కోపంలో న్యాయం ఉందని నేను ఒప్పుకుంటాను. కానీ ఓటరు అడిగింది ఊరట. దాంతోపాటు బ్యాలెట్‌లో వచ్చినవి నాలుగు తాళాలు.

మొదటి తాళం, రేటు 1 శాతానికి మించకూడదు. ఓటర్లు ఆమోదించిన అప్పులు మాత్రం ఆ పైన చేరతాయి. రెండోది, విలువ 1975-76 స్థాయికి వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు; యాజమాన్యం మారినా, కొత్త కట్టడం వచ్చినా మాత్రమే మార్కెట్ ధరకు చేరుతుంది. మూడోది, రాష్ట్ర పన్నులు పెంచాలంటే శాసనసభ రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. నాలుగోది, స్థానిక ప్రత్యేక పన్నుకు ఓటర్లలోనే మూడింట రెండు వంతులు కావాలి. ఇవన్నీ రాజ్యాంగంలో పడ్డాయి కాబట్టి శాసనసభ మామూలు చట్టంతో మార్చలేదు. మళ్ళీ ఓటరు దగ్గరికే రావాలి.

స్థానిక ఆస్తి పన్ను రాబడి ఒక్కసారిగా సుమారు 60 శాతం పడిపోయింది. రాష్ట్ర ఖజానాలో అప్పటికి మిగులు ఉండటంతో వెంటనే బడులు మూతపడలేదు. అసలు మార్పు ఆ తర్వాత, కనబడకుండా వచ్చింది. ఒకే 1 శాతం కుండలోంచి ఎవరికెంత పంచాలో చెప్పే అధికారం రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకు పోయింది. 1979లో వచ్చిన అసెంబ్లీ బిల్లు 8, 1978కి ముందు ఎవరు ఎంత తీసుకునేవారో ఆ నిష్పత్తినే దాదాపుగా గట్టిపరిచింది. అప్పట్లో పొదుపుగా రేటు తక్కువ వేసుకున్న ఊరికి ఇప్పటికీ తక్కువ వాటా. పొదుపు చేసినందుకు శిక్ష పడినట్టు.

మరి నగరానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలి? ఎక్కడ వస్తువు అమ్ముడుపోతే అక్కడి స్థానిక సంస్థకు ఆ సరుకు ధరలో 1 శాతం చేరుతుంది. అందుకే ఖాళీ స్థలం కనబడితే నగర మండలికి అపార్ట్‌మెంట్ల కన్నా కార్ల షోరూమో, పెద్ద షాపింగ్ సెంటరో ఇష్టం. ఇళ్ళు కడితే బడీ, పోలీసూ, పార్కూ ఖర్చు. షోరూము కడితే రాబడి. బే ఏరియాలో ఇళ్ళు ఎందుకు తక్కువ అని అడిగేవారికి ఈ లెక్క చెప్పాలి. ఇదొక్కటే కారణం అని నేననను. కానీ ఇళ్ళ కొరత గురించి చర్చ జరిగేచోట ఈ లెక్కకు దక్కాల్సిన స్థానం దక్కడం లేదు.

రాష్ట్రం విషయానికొస్తే, ఆస్తి పన్ను చేతిలోంచి జారిపోయాక ఆదాయ పన్ను మీద బరువు పెరిగింది. ఆదాయ పన్నులో 40 నుంచి 50 శాతం దాకా పైనున్న 1 శాతం మందే కడతారు. వాళ్ళ ఆదాయం జీతంతో కాదు, స్టాక్‌తో ఊగుతుంది. కంపెనీ షేర్లు జీతంలో భాగంగా తీసుకునేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. 2022 మేలో గవర్నర్ 97.5 బిలియన్ డాలర్ల మిగులు ప్రకటించారు. 2023 డిసెంబరులో శాసనసభకు లెక్కలు కట్టిచ్చే లెజిస్లేటివ్ అనలిస్ట్ ఆఫీస్ 68 బిలియన్ల లోటు వస్తుందని చెప్పింది. ఏడాదిన్నరలో ఇంత తేడా. ఆస్తి పన్ను ఇలా ఊగే పన్ను కాదు. ఇల్లు ఎక్కడికీ పోదు, విలువ నెమ్మదిగా కదులుతుంది. స్థిరంగా వచ్చే పన్నును కట్టేసి, ఊగే పన్ను మీద బడులను నిలబెట్టడం ఈ ఏర్పాటులోని పెద్ద లోపం. 1988లో ప్రాప్ 98 వచ్చి బడులకు కనీస నిధుల హామీ ఇచ్చింది. ఆ హామీ కూడా రాష్ట్ర రాబడి ఎక్కి దిగినప్పుడల్లా ఎక్కి దిగుతుంది.

ఇక దీన్ని సరిచేసే ప్రయత్నం. 2020 నవంబరులో ప్రాప్ 15 వచ్చింది. ఇళ్ళను ముట్టుకోకుండా వ్యాపార స్థలాలను మాత్రం కనీసం మూడేళ్ళకోసారి మార్కెట్ ధరకు తేవాలన్నారు. 30 లక్షల డాలర్ల లోపు వ్యాపార ఆస్తి ఉన్న యజమానికి మినహాయింపు. ఎందుకు వ్యాపార స్థలాలే? యాజమాన్యం మారితే విలువ మారుతుందన్న నిబంధన ఇళ్ళకు సూటిగా తగులుతుంది. మనిషి అమ్మాలి, మనిషి కొనాలి. కంపెనీ చేతిలోని భవనం అలా కాదు. వాటాలు మారుతూ ఉన్నా ఏ ఒక్కరి చేతికీ సగానికి మించి రాకపోతే యాజమాన్యం మారినట్టు లెక్కలోకి రాదు. కాబట్టి భవనాలు దశాబ్దాలు పాత విలువ మీదే ఉండిపోతాయి. అనలిస్ట్ ఆఫీస్ ఏటా 6.5 నుంచి 11.5 బిలియన్ల రాబడి వస్తుందని చెప్పింది. అంత వెడల్పు అంచనా ఎందుకంటే వ్యాపార భవనాల ధరలు ఎక్కి దిగుతాయి. ఓట్లలో 48 శాతం ఔను, 52 శాతం కాదు. వీగిపోయింది. కోవిడ్‌తో చిన్న దుకాణాలు దెబ్బతిని ఉన్న ఏడాది అది. భవనం యజమాని మీద పడిన పన్ను అద్దె ఒప్పందం ద్వారా దుకాణదారు మీదికే దిగుతుందన్న వాదన అప్పుడు గట్టిగా వినిపించింది. ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. చాలా దుకాణాల లీజుల్లో ఆస్తి పన్ను అద్దెదారే కట్టాలని ఉంటుంది.

ఓటరు గైడులో ప్రతి ప్రాప్ దగ్గరా అనలిస్ట్ ఆఫీస్ ఇచ్చే ఖర్చు, రాబడి అంచనా పెట్టెను ఎలా చదవాలో ఇక్కడ చెప్పాలి. ఆ పెట్టె ప్రభుత్వ ఖజానా లెక్క మాత్రమే చెబుతుంది. మీ అద్దె, మీ జీతం, మీ దుకాణం లెక్క అందులో ఉండదు. 2024లో కనీస వేతనాన్ని గంటకు 18 డాలర్లకు పెంచే ప్రాప్ 32కు ప్రభుత్వ ఖర్చు ఏటా వందల మిలియన్ల దాకా పెరగొచ్చు లేదా తగ్గొచ్చు, రాబడి తగ్గినా కొన్ని వందల మిలియన్లకు మించకపోవచ్చు అని రాశారు. లక్షల కుటుంబాల జీతం మారే ప్రతిపాదన మీద చెప్పింది అంతే. తప్పు అనలిస్టుది కాదు. వాళ్ళకు అప్పగించిన పని అదే.

బాండ్ల విషయంలో మాత్రం ఆ పెట్టె బాగా పనికొస్తుంది. 2024లో ప్రాప్ 2 కింద బడులకు 10 బిలియన్ల అప్పు. ఏడాదికి సుమారు 50 కోట్ల డాలర్ల చొప్పున 35 ఏళ్ళ వాయిదా. గుణిస్తే 17.5 బిలియన్లు. ప్రాప్ 4 కూడా 10 బిలియన్లే, ఏడాదికి 40 కోట్ల చొప్పున 40 ఏళ్ళు, 16 బిలియన్లు. దీన్ని చూసి కొందరు వడ్డీకే అసలులో సగానికి పైగా పోతోందని గాబరా పడతారు. ముప్పై ఏళ్ళ తర్వాత కట్టే డాలరు ఇవాళ్టి డాలరు కాదు. ద్రవ్యోల్బణం తీసేస్తే ముందే చేతి డబ్బుతో కట్టినదానికన్నా ఇలాంటి అప్పుకు 10 శాతం దాకా మాత్రమే ఎక్కువ పడుతుందని ప్రాప్ 4 మీద అనలిస్టు ఆఫీసే రాసింది. మీ ఇంటి లోనులాగే ఇదీనని అనుకోండి.

ఇంకో పొరపాటు తరచుగా జరుగుతుంది. అంకెతో ఉన్నది రాష్ట్ర ప్రాప్. ఆ అప్పు రాష్ట్ర సాధారణ నిధి నుంచి తీరుతుంది, మీ ఆస్తి పన్ను బిల్లులో చేరదు. అక్షరంతో ఉన్నది మెజర్, అంటే మీ ఊరి ఓటర్ల ముందుకు మాత్రమే వచ్చే ప్రతిపాదన. అది స్కూలు బాండు అయితే మీ బిల్లులో 1 శాతం పైన చేరుతుంది. ఈ బాండుకు 55 శాతం ఓట్లు చాలు, 2000లో ప్రాప్ 39 ఆ గీత దించింది. రెండూ ముడిపడి ఉంటాయి. రాష్ట్ర బాండు డబ్బు రావాలంటే చాలా డిస్ట్రిక్టులు తమ వాటా పెట్టాలి. కాబట్టి ప్రాప్ 2 గెలిచిన తర్వాత మీ ఊళ్ళో మెజర్ రావడం ఆశ్చర్యమేం కాదు.

కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళు ఒక దెబ్బ ముందే లెక్క వేసుకోవాలి. పాత యజమాని విలువ 5 లక్షలు, మీరు 15 లక్షలకు అక్టోబరులో కొన్నారు. తేడా 10 లక్షలు. రేటు 1.2 శాతం అనుకుంటే ఏడాదికి 12,000 డాలర్లు. కొత్త విలువ నవంబరు 1 నుంచి లెక్క. పన్ను ఏడాది జూన్ 30తో ముగుస్తుంది కాబట్టి ఎనిమిది నెలలకు 8,000 డాలర్ల సప్లిమెంటల్ బిల్లు విడిగా వస్తుంది. లోన్ కంపెనీ మీ నెలవారీ వాయిదాతోపాటు తీసుకుని దాచే ఎస్క్రో ఖాతా నుంచి మామూలు బిల్లు కట్టేస్తుంది గానీ, ఈ బిల్లు చాలాసార్లు మీ పేరుమీదే, మీ చిరునామాకే వస్తుంది. ఎస్క్రో చూసుకుంటుందిలే అని వదిలేస్తే 10 శాతం జరిమానా. కొత్త కాలనీల్లోనైతే మెల్లో-రూస్ అని మరో పద్దు కూడా బిల్లు కిందే ఉంటుంది. అది ప్రాప్ 13 పరిమితికి బయట వసూలు చేయడానికి 1982లో వచ్చిన చట్టం. ఇల్లు చూసేటప్పుడే అమ్మేవాళ్ళను ఏడాదికెంత, ఎన్నేళ్ళు అని అడగండి.

వారసత్వం గురించి ప్రాప్ 19 మార్చిన సంగతి ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడాలి. 2020లో ఇది 51 శాతంతో గెలిచింది. 2021 ఫిబ్రవరి 16 నుంచి, తల్లిదండ్రుల ఇల్లు పిల్లలకు వస్తే పాత పన్ను విలువ నిలవాలంటే పిల్లలు ఏడాదిలోపు అందులో కాపురం పెట్టాలి. అలా పెట్టినా పాత విలువకు 10 లక్షల డాలర్లు కలిపిన మొత్తమే హద్దు. ఆ 10 లక్షల మొత్తాన్ని రెండేళ్ళకోసారి సవరిస్తారు. ఇల్లు పన్ను విలువ 5 లక్షలు, మార్కెట్ ధర 20 లక్షలు అనుకోండి. హద్దు 15 లక్షలు. దాటిన 5 లక్షలు పాత విలువకు కలిసి కొత్త విలువ 10 లక్షలవుతుంది. అదే పిల్లలు టెక్సస్‌లో ఉండి ఇక్కడి ఇల్లు అద్దెకిస్తే మొత్తం 20 లక్షల మీదే పన్ను. బ్రతికుండగా ఇల్లు పూర్తిగా పిల్లల పేర రాసిచ్చినా అదీ యాజమాన్యం మారినట్టే. 55 దాటిన పెద్దలకు మాత్రం ఇదే ప్రాప్ ఒక మేలు చేసింది. పాత పన్ను విలువను రాష్ట్రంలో ఎక్కడికైనా, మూడుసార్ల వరకూ వెంట తీసుకెళ్ళొచ్చు. అమ్మడం, కొనడం రెండేళ్ళలోపు జరగాలి.

ఇక దగ్గర్లో ఉన్న గడువు ఒకటి. 2012లో ప్రాప్ 30 ఎక్కువ ఆదాయం మీద ఒకటి నుంచి మూడు శాతం వరకూ అదనపు పన్ను వేసింది. దంపతులకైతే అప్పట్లో 5 లక్షల డాలర్ల పైన మొదలైంది. 2016లో ప్రాప్ 55 దాన్ని పొడిగించింది. ఆ పొడిగింపు 2030 చివరితో ముగుస్తుంది. ఆలోపు మళ్ళీ ఓటరు ముందుకు ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న రాక తప్పదు. వచ్చినప్పుడు గైడులో చూడాల్సినవి: డబ్బు ఏ నిధిలో పడుతుంది, బడుల హామీ లెక్కలోకి వస్తుందా, గడువు ఉందా లేక శాశ్వతమా, శాసనసభకు దిద్దే వీలు ఇచ్చారా లేదా. చివరిది సాధారణంగా ప్రతిపాదన పూర్తి పాఠం ఆఖరి సెక్షన్లలో, చిన్న అచ్చులో ఉంటుంది.