పార్వతి నడిచి వచ్చిన రాత్రి

శ్రోతలకు నమస్కారం.

దేవదాసు అనగానే మనకేం గుర్తొస్తుంది? భుజం మీద శాలువా, మాసిన గడ్డం, చేతిలో సీసా, పక్కన కుక్క. కుర్రాడెవరైనా దిగులుగా గడ్డం పెంచుకుని తిరిగితే చాలు, "ఏరా, దేవదాసువైపోయావా?" అంటాం. ఒక సినిమా పేరు ఇలా ఇంటింటి మాట కావడం చిన్న సంగతి కాదు. కానీ ఈ పూట నేను ఆ గడ్డం గురించి కాకుండా పార్వతి గురించి మాట్లాడదామని వచ్చాను. ఆ సినిమా ఎన్నిసార్లు చూసినా నా చూపు ఆవిడ దగ్గరే ఆగిపోతుంది.

మా ఇంట్లో ఆ సినిమాని చూడకముందే విన్నాం, రేడియోలో. మా అమ్మమ్మ మధ్యాహ్నంపూట వరండాలో కూర్చుని బియ్యం ఏరుకునేది. 'జగమే మాయ' వస్తే ఏరుతూనే వినేది. పార్వతి పాట 'అంతా భ్రాంతియేనా' వస్తే మాత్రం చేట పక్కన పెట్టేసేది. ఎందుకమ్మమ్మా అంటే, "వాడి ఏడుపు ఊరంతా విన్నారు. ఆ పిల్ల ఏడుపు ఎవరు విన్నారే?" అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. పెద్దయ్యాక, ఆ సినిమాకి మూలమైన నవల చదివితే తెలిసింది.

బెంగాలీ రచయిత శరత్‌చంద్ర ఛటర్జీ యువకుడిగా ఉన్నప్పుడే ఆ కథ రాశారు. పుస్తకంగా వచ్చింది మాత్రం 1917లో. తెలుగువాళ్ళకి శరత్ ఎంత దగ్గరివాడయ్యాడంటే, ఆయన తెలుగు రచయితే అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ పుణ్యంలో పెద్ద వాటా చక్రపాణి గారిది. మదనపల్లె శానిటోరియంలో క్షయకి వైద్యం చేయించుకుంటూ బెంగాలీ నేర్చుకుని, శరత్‌ని తెలుగు చేసిన మనిషి ఆయన. తర్వాతి రోజుల్లో 'చందమామ', విజయా సంస్థల వెనక నిలిచింది కూడా ఆయనే.

నవలలో ఒక చిన్న సంగతి ఉంది. మనవాళ్ళు దాన్ని అంతగా పట్టించుకోరు. దేవదాసుకి పార్వతినిచ్చి పెళ్ళెందుకు కాలేదు? డబ్బున్న ఇల్లు, డబ్బులేని ఇల్లు అని సులువుగా చెప్పేస్తాం. శరత్ అంతటితో ఆగలేదు. పార్వతి వాళ్ళది ఆడపిల్లకి డబ్బు పుచ్చుకుని పెళ్ళిచేసే వంశం. పైగా పక్కిల్లు. అలాంటి ఇంటితో వియ్యమా అని జమీందారు కుటుంబం ముఖం తిప్పుకుంది. గురజాడ వారి నాటకం చదువుకున్న మనకి ఆ ఆచారం పేరు వేరే చెప్పాలా? కన్యాశుల్కం. ఆ అవమానానికి రోషపడి పార్వతి తండ్రి హాతీపోతా అనే ఊరి జమీందారుకి పిల్లని ఖాయం చేశాడు. భార్య పోయినవాడు, ఎదిగిన పిల్లలున్నవాడు. అంటే పార్వతి వెళ్ళేది తన ఈడు పిల్లలకి తల్లిగా.

అప్పుడా పిల్ల ఏం చేసిందో చూడండి. అర్ధరాత్రి దాటాక, ఒక్కతే, చీకట్లో నడిచి దేవదాసు గదికి వచ్చింది. వందేళ్ళకి పైబడిన మాట ఇది. బెంగాల్ పల్లెటూరు. వాకిట్లో నౌకర్లు చూస్తారని తెలుసు, రేపు ఊరు ఏమంటుందో తెలుసు. అయినా వచ్చి, తనని కాదనవద్దని అడిగింది. దేవదాసు మొదటి కంగారు ఏమిటి? ఎవరైనా చూశారా అని! నీ పరువు ఏమవుతుంది అంటే, నదిలో అన్ని నీళ్ళున్నాయి కదా, నా కళంకం కప్పడానికి చాలవా అన్న అర్థం వచ్చేట్టు బదులు చెబుతుంది. ఆ మాట చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అతను తండ్రితో గట్టిగా ఒక్క మాట అనలేకపోయాడు. కలకత్తా వెళ్ళి, నిన్ను నేను అంతగా ప్రేమించినట్టు ఎప్పుడూ అనుకోలేదని ఉత్తరం రాసి పడేశాడు. పోస్టు చేసిన మరుక్షణం నుంచి గుండెలో బరువు. పరుగున తిరిగొచ్చేసరికి పార్వతి మనసు గట్టిపడింది. చెరువు గట్టున అతని మాటకి ఎదురు మాట చెప్పింది. కోపం పట్టలేక చేతిలో ఉన్న గాలం కర్రతో ఆమె నుదుటిమీద కొట్టాడు. నెత్తురు కారింది. ఆ మచ్చ ఆమెకి జన్మంతా ఉండిపోయింది. నన్నడిగితే దేవదాసు ఆ గట్టుమీదే ఓడిపోయాడు. తాగుడు తర్వాతి సంగతి.

ఇక సినిమా. 1953 జూన్ 26న విడుదలైంది. వినోదా సంస్థ తీసింది, నిర్మాత డి.ఎల్. నారాయణ, దర్శకుడు వేదాంతం రాఘవయ్య. రాఘవయ్య గారు కూచిపూడి కళాకారుడు. ముఖం మీద ఒక్క రేఖ కదిలితే ఎంత అర్థం పలుకుతుందో తెలిసినవాడు. అక్కినేని నాగేశ్వరరావు గారు అప్పటిదాకా 'బాలరాజు', 'కీలుగుర్రం' లాంటి జానపదాల హీరో. దేవదాసు పాత్రకి సరిపోతాడా అని అనుమానపడ్డవాళ్ళున్నారు. మత్తు కళ్ళు కనబడాలని ఆ సన్నివేశాలు రాత్రిళ్ళు తీశారని ఆయనే చెప్పేవారు. దేవదాసుని ప్రేమించిన వేశ్య చంద్రముఖిగా మలయాళీ నర్తకి లలిత. పార్వతిగా సావిత్రి, ఇంకా ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్ల.

ఆ వయసులో సావిత్రి గారికి అంత నిబ్బరం ఎక్కణ్ణించి వచ్చిందో! పెద్దింటి కోడలిగా పట్టుచీర కట్టుకుని, వయసులో తనకి దగ్గరైన పిల్లల చేత అమ్మా అని పిలిపించుకుంటూ తిరుగుతుందే, అప్పుడు చూడండి. పెదవుల మీద చిరునవ్వు ఉంటుంది, కళ్ళు మాత్రం ఎక్కడో ఉంటాయి. నాగేశ్వరరావు గారి దుఃఖానికి పాటలున్నాయి, ఘంటసాల గారి గొంతుంది, సముద్రాల వారి మాటలున్నాయి. పార్వతి దుఃఖం చాలామటుకు ఆ కళ్ళే మోశాయి.

సంగీతం సి.ఆర్. సుబ్బరామన్. సినిమా పూర్తికాకుండానే, ముప్పై ఏళ్ళు నిండకుండానే, 1952లో ఆయన కన్నుమూశారు. మిగిలిన పని ఆయన దగ్గర పనిచేసిన విశ్వనాథన్, రామ్మూర్తి పూర్తి చేశారు. తన బాణీలు ఊరూరా మోగడం ఆయన వినలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

ఆఖరి ఘట్టం మీకు తెలిసిందే. రోగంతో కృశించిపోయిన దేవదాసు, చనిపోయేలోపు ఒక్కసారి వస్తానన్న మాట కోసం ఎడ్లబండిలో పార్వతి అత్తవారి ఊరికి బయల్దేరతాడు. ఇంకా ఎంత దూరం, ఇంకా ఎంత దూరం. చివరికి ఆ ఇంటి ముందు చెట్టుకింద ప్రాణం పోతుంది. నవలలో పార్వతికి విషయం తెలిసేసరికే అంతా అయిపోతుంది. పిచ్చిదానిలా బయటికి పరుగెడుతుంది, నౌకర్లు స్పృహ తప్పిన మనిషిని ఇంట్లోకి మోసుకొస్తారు. సినిమాలో మాత్రం ఆమె పరుగెత్తుతుంటే ఎదురుగా పెద్ద తలుపులు మూసుకుంటాయి. ఒకప్పుడు అర్ధరాత్రి ఎవరూ ఆపకుండా ఒక గడప దాటి వచ్చిన పిల్ల. ఇప్పుడు పట్టపగలు, తన సొంత ఇంటి గడప దాటలేకపోయింది. ఆ తలుపులు మూసుకునే చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది.

ఇప్పుడు మీరు వినబోయేది 'అంతా భ్రాంతియేనా'. పాడింది కె. రాణి. అప్పటికి ఆ పిల్లకి పదేళ్ళు నిండీ నిండని వయసు. అంత చిన్న గొంతులో అంత పెద్ద దుఃఖం ఎలా పట్టిందో మీరే వినండి. చేతిలో ఏదైనా పనుంటే కాసేపు పక్కన పెట్టండి, మా అమ్మమ్మ చేట పక్కన పెట్టినట్టు.