కొంగు సర్దుకోనివ్వండి

(నల్లగొండలో ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, దేవరకొండ, మిర్యాలగూడ, సూర్యాపేటల నుంచి, అటు పాలమూరు నుంచి కూడా కెమెరాలు భుజాన వేసుకుని వచ్చిన ఫొటోగ్రాఫర్ మిత్రులకు నమస్కారం. ఫ్రాన్స్ దేశస్థుడు డాగెర్ కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని 1839 ఆగస్టు 19న పారిస్‌లో అందరి ముందూ వెల్లడించారు కాబట్టి ఈ రోజు మనకు పండుగ అయింది. ఫొటో చరిత్ర మీద మాట్లాడమని నన్ను పిలిచారు, కాగితాలు కూడా రాసుకొచ్చాను. కానీ సభ మొదలయ్యే ముందు పక్క హాలులో మీ పోటీ ఫొటోలు చూసి వచ్చాను. చరిత్ర మరోసారి చెప్పుకుందాం. ఈ రోజు నేను చెప్పక తప్పని మాట వేరే ఉంది.

అక్కడ మంచి ఫొటోలు ఉన్నాయి. చెర్వుగట్టు జాతరలో దీపం పట్టుకున్న ముసలామె ఉంది, కల్లంలో నిద్రపోతున్న కూలీ ఉన్నాడు, తండాలో బిడ్డకు పాలిస్తున్న తల్లి ఉంది. ప్రతి ఫొటో కింద తీసినవారి పేరుంది, ఊరుంది, కెమెరా మోడల్ కూడా ఉంది. ఫొటోలో ఉన్న మనిషి పేరు మాత్రం ఒక్కదాని కిందా లేదు. ‘ఎదురుచూపు’ అని ఉంది, ‘పల్లె తల్లి’ అని ఉంది. ఆ ముసలామెకు తన ఫొటో ఈ గోడ మీద ఉందని తెలుసా అని తీసినవారిని నేను అడిగాను. ఆయన మంచి మనిషి, ఆ ప్రశ్న తనకెప్పుడూ తోచలేదని నిజాయితీగా చెప్పారు.

నాకు ఎందుకు తోచిందో చెబుతాను. మా ఊరు మర్రిగూడ మండలంలో ఉంది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదంటారు. మా బోరింగు నీళ్లు ఆ హద్దు ఎప్పుడో దాటాయి, మాకు వేరే నీళ్లు లేవు. మా అమ్మకు నలభై ఐదేళ్లకే నడుము వంగిపోయింది, మోకాళ్లు బిగుసుకుపోయాయి. 1996 ఎండాకాలంలో ఒకనాడు ఆమె బోరింగు దగ్గర బిందె తోముతోంది. తడవకుండా కుచ్చిళ్లు పైకి దోపుకుని, కొంగు తీసి నడుముకు చుట్టుకుంది. రోడ్డు మీద జీపు ఆగింది, ఒకాయన దిగి నాలుగైదు ఫొటోలు తీసుకుని మళ్లీ జీపెక్కి వెళ్లిపోయాడు. పేరు అడగలేదు, ఒక్క మాట మాట్లాడలేదు.

మరుసటి ఏడాది ఉపాధ్యాయుల శిక్షణ కోసం నేను నల్లగొండ వచ్చాను. ఆ హాలు గోడకు తలుపంత పోస్టరు అంటించి ఉంది. అందులో మా అమ్మ ఉంది. వంగిన నడుము, బయటపడ్డ పిక్కలు, భుజం మీంచి జారిన జాకెట్టు, చేతిలో కొబ్బరి పీచు, అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. కింద పెద్ద అక్షరాలతో ‘ఫ్లోరైడ్ భూతం’ అని రాశారు. నా పక్కన కూర్చున్న ఉపాధ్యాయుడు “పాపం, ముసలమ్మ” అన్నాడు. ఆమె మా అమ్మ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. శిక్షణ జరిగిన మూడు రోజులూ ఆ గోడకు వీపు పెట్టి కూర్చున్నాను. అక్కడ నోరు మెదపనందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

ఇంట్లో నేను చెప్పలేదు గానీ, ఊళ్లో మరొకరు చూసి అమ్మకు చెప్పారు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. “ఫొటో దీసుడు తప్పని నేనన్ననా కొడుకా? ఒక్క మాట జెప్తే కొంగన్న సదురుకుందును గదా” అంది.

ఆ పోస్టరు వేసిన సంస్థకు నేను ఉత్తరం రాశాను. ఫొటో బహిరంగ ప్రదేశంలో తీసింది కాబట్టి అనుమతి అక్కర లేదని, ఆ ప్రచారం మీ ఊరి మేలు కోసమేనని జవాబు వచ్చింది. ఈ రెండు మాటలూ ఇన్నేళ్లుగా నన్ను వదల్లేదు. రిటైరయ్యాక చట్టాల పుస్తకాలు తిరగేసింది కూడా వాటికి జవాబు వెతుక్కోవడానికే.

మొదటి మాటలో కొంత నిజముంది. బజారులో నడిచే మనిషి మొహాన్ని ఫొటో తీయడమే నేరమని చెప్పే చట్టం మన దేశంలో లేదు. ఐటీ చట్టంలోని 66ఇ సెక్షన్ మనిషి మర్మాంగాలను అనుమతి లేకుండా ఫొటో తీసినా, ప్రచురించినా మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ అంటుంది. ఆ మనిషి ఉన్నది బహిరంగ ప్రదేశమైనా సరే ఈ సెక్షన్ వర్తిస్తుంది, ఇది చాలామందికి తెలియదు. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడడం, ఫొటో తీయడం 2013లోనే నేరమైంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షన్. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టమైతే, ఒక మనిషి తన సొంత అవసరానికి, ఇంటి అవసరానికి దాచుకునే ఫొటోల జోలికి పోదు. బోరింగు దగ్గర మా అమ్మకు జరిగినదాన్ని ఈ సెక్షన్లలో ఏదీ పట్టుకోలేదు.

అయినా ఆ సంస్థ చెప్పింది సరైనది కాదు. ఈ పండుగకు సరిగ్గా ఐదు రోజుల తర్వాత వచ్చే తేదీన, 2017 ఆగస్టు 24న, జస్టిస్ పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. మనిషి బహిరంగ ప్రదేశంలో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని, అది స్థలాన్ని కాక మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందని, ఎందుకంటే అది మనిషి గౌరవానికి సంబంధించినదని ఆ తీర్పులో ఉంది. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. బోరింగు దగ్గర కూడా మా అమ్మ హక్కు మా అమ్మతోనే ఉంది.

తెలుగు పండితుణ్ని కాబట్టి ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ప్రైవసీకి మనం ‘గోప్యత’ అని రాసుకున్నాం. గోప్యత అనగానే ఏదో దాచుకోవడం అనే అర్థం స్ఫురిస్తుంది, ‘దాచుకునేదేమీ లేనప్పుడు భయమెందుకు’ అనే ప్రశ్న కూడా అక్కడి నుంచే పుడుతుంది. మా అమ్మ దాచుకున్నది ఏమీ లేదు. ఆమె వంగిన నడుము ఊరంతా రోజూ చూసేదే. ఆమె అడిగింది మర్యాద. చట్టం తెలుగులో రాసేవారు ఈ మాటను కూడా ఆలోచించాలని నా కోరిక.

ఇతర దేశాల్లో ఈ గొడవ పాతదే. జర్మనీలో 1907 నుంచే ఒక చట్టం ఉంది. మనిషి ఒప్పుకోకుండా అతని ఫొటోను ప్రచురించడం అక్కడ కుదరదు, కానీ సభలు, ఊరేగింపుల ఫొటోలకు మినహాయింపు ఉంది. జాతర జనాన్ని తీయడం వేరు, ఆ జనంలోంచి ఒక్క ముసలామెను విడదీసి నిలబెట్టడం వేరు అన్నమాట. కెనడాలో పదిహేడేళ్ల అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉండగా తీసిన ఫొటోను ఒక పత్రిక అడగకుండా వేసుకుంది. అందులో అశ్లీలం ఏమీ లేదు, పత్రిక అమ్ముడైంది 722 ప్రతులే. అయినా 1998లో అక్కడి సుప్రీంకోర్టు ఆమెకు రెండు వేల డాలర్ల పరిహారాన్ని ఖాయం చేసింది. మా అమ్మ ఫొటో గోడకెక్కిన మరుసటి ఏడాదే ఆ తీర్పు వచ్చింది.

ఇక రెండో మాట, మీ ఊరి మేలు. దీన్ని నేను తేలికగా తీసెయ్యలేను. మా వంకర కాళ్ల ఫొటోలు పత్రికల్లో రాకపోతే మా గోడు ఊరు దాటేది కాదు. ఇప్పుడు మా ఇంట్లో నల్లా తిప్పితే కృష్ణా నీళ్లు వస్తున్నాయంటే అందులో ఫొటోగ్రాఫర్ల కష్టం కూడా ఉంది, వారికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ అడిగి తీస్తే నీళ్లు రాకుండా పోయేవా? అయ్యలారా, మీరే చెప్పండి, ‘అమ్మా, మీ బాధ నలుగురికీ చూపిస్తాం, ఒక ఫొటో తీసుకుంటాం’ అంటే మా ఊళ్లో కాదనేవారు ఎవరున్నారు? పాలమూరు వలస కూలీని బస్టాండులో తీసినా, నల్లమలలో సలేశ్వరం దారిలో చెంచు పిల్లలను తీసినా నేను అడిగే ప్రశ్న ఇదే.

అడిగి తీసేవారిని కూడా నేను చూశాను. పోస్టరు సంగతి తెలిశాక అమ్మను బస్సులో ఇక్కడికి తీసుకొచ్చి, గడియారం దగ్గర ఒక స్టూడియోకు తీసుకుపోయాను. ఆ ముసలి ఫొటోగ్రాఫర్ ఆమె నడుమును చూశాడు, ఏమీ అనలేదు. ఎత్తు స్టూలు పక్కకు జరిపి పొట్టి పీట వేశాడు, కెమెరా స్టాండు కాళ్లు కిందికి దించాడు. అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా ఆమె ముందు పెట్టి, “ఎట్ల కూసుంటే నీకు నిమ్మళంగుంటదో అట్లనే కూసో అవ్వా” అని బయటికి వెళ్లి నిలబడ్డాడు. అమ్మ రెండుసార్లు అద్దం చూసుకుంది, కొంగు భుజాల మీదుగా కప్పుకుంది, ఒకసారి తీసేసి మళ్లీ కప్పుకుంది. పది నిమిషాల తర్వాత ఆమే ‘రా బిడ్డా’ అని పిలిచింది. ఆ ఫొటోలో కూడా నడుము వంగే ఉంది. ఆమె మాత్రం సూటిగా కెమెరా వంక చూస్తోంది.

మిత్రులారా, మిమ్మల్ని నేను కోరేది ఒక్కటి. వచ్చే ఏడాది పోటీ దరఖాస్తు ఫారంలో మూడు ప్రశ్నలు చేర్చండి. ఫొటోలోని మనిషి పేరేమిటి, ఎక్కడ ప్రదర్శిస్తారో వారికి చెప్పారా, తీశాక వారికి చూపించారా? పేరు వేయవద్దని వారంటే వేయకండి, ఫొటోనే వద్దంటే పోటీకి పంపకండి. అధ్యక్షులవారు అనుమతిస్తే ఈ ప్రశ్నలు రాసుకొచ్చిన కాగితాన్ని ఇప్పుడే సభ ముందు పెడతాను, ఒప్పుకునేవారు చేతులెత్తండి. స్టూడియోలో తీసిన ఆ ఫొటో కూడా తెచ్చాను. పక్క హాలులో ద్వారం దగ్గర ఒక మేకు ఖాళీగా ఉంది, దానికి తగిలించనివ్వమని నిర్వాహకులను కోరుతున్నాను. కింద అతికించే చీటీ మీద మా అమ్మ పేరు నేనే రాసి తెచ్చాను.