నోరూరించే పులుపు

అందరికీ నమస్కారం.

మీ ముందు మూడు గ్లాసులు పెట్టాం. మూడింటిలోనూ తెల్ల వైన్లే, మూడూ చలి ప్రాంతంలోని చిన్న ద్రాక్షతోటల నుంచి వచ్చినవే. అయితే వీటిలో రెండు గ్లాసుల్లో ఉన్నది ఒకే వైన్. ఏ రెండో ఇప్పుడు చెప్పను. నేను మాట్లాడుతున్నంతసేపూ గ్లాసులు చేతిలోకి తీసుకుని వాసన చూస్తూ ఉండండి, తాగడం మాత్రం కాసేపు ఆపండి. అవి ఫ్రిజ్‌లోంచి వచ్చి పది నిమిషాలే అయింది. మరీ చల్లగా ఉన్న వైన్ వాసన దాచుకుంటుంది, పులుపును మాత్రమే ముందుకు తోస్తుంది. కాస్త వెచ్చబడనిద్దాం.

వైన్ గురించి మాట్లాడాలంటే ఏవో పరాయి పదాలు నేర్చుకోవాలేమోనని చాలామంది జంకుతారు. అక్కర్లేదు. చలి తోటల వైన్‌ని తూచడానికి కావలసిన ముఖ్యమైన మాటలు మన నోట్లోనే ఉన్నాయి. పుల్లటిది నాలుకకు తగిలితే "నోరూరింది" అంటాం. పచ్చికాయ కొరికితే "పళ్లు పులిశాయి" అంటాం. రెండూ పులుపు చేసే పనులే, అయినా రెండూ ఒకటి కాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండింటి మధ్య తేడా గురించే.

ముందు ఈ పులుపు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ద్రాక్షతీగ సుమారు 10 డిగ్రీల సెల్సియస్ దాటాకే చురుగ్గా పెరుగుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరిన్, వింక్లర్ 1944లో దీని ఆధారంగా ఒక లెక్క ఇచ్చారు. తీగ పెరిగే ఏడు నెలల్లో ప్రతిరోజూ సగటు ఉష్ణోగ్రత ఆ 10 డిగ్రీల కంటే ఎంత ఎక్కువ ఉందో రాసుకుని అన్నీ కూడతారు. ఆ మొత్తం సుమారు 1,390 లోపు ఉంటే అది మొదటి తరగతి, అంటే అన్నిటికంటే చల్లని ప్రాంతం. జర్మనీలో మోజెల్ లోయ, ఫ్రాన్స్‌లో షాంపేన్, ఆస్ట్రేలియాలో టాస్మేనియా, దక్షిణ ఇంగ్లండ్ ఈ కోవలోకి వస్తాయి.

ఇక కాయ లోపల ఏం జరుగుతుందో చూడాలి. ద్రాక్షలో ప్రధానంగా రెండు ఆమ్లాలుంటాయి. టార్టారిక్ ఆమ్లం పెద్దగా మారదు. రెండోది మాలిక్ ఆమ్లం, పచ్చి ఆపిల్‌లో పులుపు దానిదే. కాయ పండే రోజుల్లో శ్వాస కోసం ఈ మాలిక్ ఆమ్లాన్నే ఖర్చుపెట్టుకుంటుంది. ఎండ మండే చోట ఆ ఖర్చు ఎక్కువ, కోతకు వచ్చేసరికి పులుపు పడిపోతుంది. రాత్రిళ్లు చల్లగా ఉండే చోట ఖర్చు తక్కువ. అందుకే చలి తోటలో చక్కెర నిదానంగా ఎక్కుతుంది, పులుపు నిదానంగా దిగుతుంది. ఈ నిదానంలోనే వాసనలు కుదురుకుంటాయి. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. చక్కెర తక్కువైతే ఆల్కహాల్ తక్కువ, ఒళ్లు పలచన. వేడి ప్రాంతాల బరువైన వైన్లకు అలవాటుపడ్డ నాలుకకు ఇది "నీళ్లలా ఉంది" అనిపిస్తుంది. ఆ మాట అనే ముందు ఒక్క క్షణం ఆగమని నా విన్నపం. పలచదనం వేరు, పసలేకపోవడం వేరు.

తోట చిన్నదైతే ఇంకో సంగతి కూడా కలుస్తుంది. పెద్ద సంస్థకు వందల పీపాలుంటాయి. ఒకటి మరీ పుల్లగా ఉంటే, మెత్తగా ఉన్న ఇంకోదానితో కలిపి సరిచేస్తారు. అది తప్పేమీ కాదు, మంచి విద్యే. చిన్న తోటకు ఆ వీలు లేదు. 225 లీటర్ల పీపాకు 300 సీసాలు వస్తాయి. అలాంటి పీపాలు నాలుగో ఐదో ఉన్నవాళ్లు దేన్ని దేనితో కలుపుతారు? ఆ ఏడాది ఎలా గడిచిందో అలాగే సీసాలోకి వెళ్తుంది. చిగురు వేశాక ఒక్క రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు రెండు డిగ్రీల కిందికి దిగితే చాలు, లేత మొగ్గలు మాడిపోతాయి. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ అంతటా అదే జరిగింది. అక్కడి షాబ్లీ ప్రాంతంలో ఇలాంటి రాత్రుల్లో తోటలపై నీళ్లు చల్లుతారు. నీరు గడ్డకట్టేటప్పుడు వదిలే కాస్త వేడి మొగ్గను కాపాడుతుంది. నీటి సదుపాయం లేని తోటల్లో రాత్రంతా వరసల మధ్య మంటలు వేసుకుని మెలకువగా ఉంటారు. అలా దక్కిన పంట అది. కాబట్టి చిన్న తోట వైన్‌ని రుచి చూసేటప్పుడు నన్ను నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇందులో కాలం చేసింది ఏది, చెయ్యి చేసింది ఏది? కాలం చేసినదాన్ని అర్థం చేసుకోవాలి. చెయ్యి చేసిన తప్పును తప్పు అనే చెప్పాలి.

ఇప్పుడు గ్లాసు దగ్గరకు వద్దాం. మీ చేతిలో ఉన్నది అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసిన గ్లాసు. కింద వెడల్పు, పైకి వచ్చేకొద్దీ ఇరుకు. నిండా పోస్తే 215 మిల్లీలీటర్లు పడుతుంది, రుచి చూడటానికి పోసేది మాత్రం 50. ఎక్కువ పోసుకుంటే గుండ్రంగా తిప్పడానికి చోటుండదు, వాసన నిలవడానికి ఖాళీ ఉండదు.

రంగు మీద ఎక్కువసేపు ఉండను. ఒక్క హెచ్చరిక చాలు. బోర్డోలో వైన్ విద్య చదువుతున్న 54 మందికి, వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్ ఇచ్చి వర్ణించమన్నారు. వాళ్లు ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. 2001లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చదువుకున్న ముక్కునే కన్ను అంత సులువుగా తన దారికి తిప్పుకుంటే, సీసా మీది చీటీ ఇంకెంత తిప్పుతుందో ఆలోచించండి. అందుకే మీ ముందు సీసాలు పెట్టలేదు.

వాసనకు మాత్రం సమయం ఇవ్వండి. ముందు గ్లాసు కదపకుండా, తర్వాత తిప్పి. తోచిన మాట వెంటనే రాయండి, పక్కవాళ్లకు చెప్పకండి. నిమ్మ, పచ్చి ఆపిల్, తడిరాయి, కోసిన గడ్డి... ఏదైనా సరే, వస్తువు పేరు రాయండి. "అద్భుతం", "సొగసు" వంటివి వద్దు. ఆన్ నోబుల్ అనే శాస్త్రవేత్త 1980ల్లో వైన్ వాసనల చక్రం తయారుచేసినప్పుడు పాటించిన నియమం కూడా ఇదే. మెచ్చుకోలు మాటలకు అందులో చోటివ్వలేదు, ఇంకొకరు కూడా గుర్తుపట్టగలిగే వాసనల పేర్లే ఉంచారు.

చలి తోటల్లో తరచుగా తగిలే వాసనలు రెండున్నాయి. ఒకటి పచ్చి క్యాప్సికం వాసన. సొవిన్యాన్ బ్లాంక్, కాబెర్నే సొవిన్యాన్ వంటి ద్రాక్ష రకాల్లో ఉండే పైరజీన్లు అనే పదార్థాలు దీనికి కారణం. కాయ పండేకొద్దీ, గుత్తులకు వెలుతురు తగిలేకొద్దీ ఇవి తగ్గుతాయి. నీళ్లలో అయితే లీటరుకు రెండు నానోగ్రాములున్నా ముక్కు పసిగడుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్ల వంతు. సొవిన్యాన్ బ్లాంక్‌లో ఈ వాసన కొంచెం ఉంటే తాజాదనం. ఎర్ర వైన్‌లో అది పండు వాసనను మింగేస్తే, కాయ పండకముందే కోశారని అర్థం. రెండోది మిరియాల వాసన. చల్లని చోట పండిన షిరాజ్ అనే ఎర్ర వైన్ ద్రాక్షలో బాగా తెలుస్తుంది. దానికి కారణమైన రోటండోన్ అనే పదార్థాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు గుర్తించి 2008లో ప్రకటించారు. వాళ్ల పరీక్షల్లో ఐదుగురిలో సుమారు ఒకరికి ఎంత మోతాదు ఇచ్చినా ఆ వాసనే తెలియలేదు. కాబట్టి పక్కవాళ్లు "మిరియాలు" అంటుంటే మీకు అందకపోతే కంగారు పడకండి. మీ ముక్కుకు ఆ తలుపు లేదేమో, అంతే. అందిన వాసనను అందినట్టు రాయడమే మన పని.

సరే, నోటి దగ్గరకు వచ్చాం. ఒక చెంచాడు తీసుకుని నోరంతా తిప్పి, కొంచెం గాలి లోపలికి పీల్చి, పది సెకన్ల తర్వాత ఉమ్మేయండి. ఉమ్మడంలో మొహమాటం వద్దు. మింగుతూ పోతే నాలుగో వైన్ దగ్గర మన తీర్పుకు విలువ ఉండదు. అసలు పని ఉమ్మేశాకే మొదలవుతుంది. కళ్లు మూసుకుని రెండు విషయాలు గమనించండి: పులుపు ఎంతసేపు ఉంది, రుచి ఎంతసేపు ఉంది.

రుచి ముందే వెళ్లిపోయి పులుపు ఒక్కటే పళ్లకు పట్టుకుని ఉంటే, అది పళ్లు పులిసే పులుపు. కాయ పండలేదు, లేదా పండిన దానికి తగినంత సారం లేదు. అలా కాక నాలుక పక్కల నుంచి పలచగా నీరూరుతూ, ఆ నీటితో పాటే నిమ్మో ఆపిలో మళ్లీ మళ్లీ తేలుతూ, పులుపూ రుచీ కలిసి నడిచి కలిసే ఆరిపోతే, అది నోరూరించే పులుపు. పరీక్షశాలలో కొలిస్తే ఈ రెండు వైన్లలోనూ లీటరుకు ఎనిమిదేసి గ్రాముల ఆమ్లం ఉండవచ్చు. ఆ అంకె ఒక్కటే చూస్తే తేడా దొరకదు. మోజెల్‌లో రీస్లింగ్ అనే ద్రాక్షతో చేసే తెల్ల వైన్లలో ఎనిమిది శాతం ఆల్కహాల్‌తో, కాస్త తీపి మిగిల్చి చేసేవి ఉన్నాయి. తీపి, పులుపు ఒకదాన్నొకటి పట్టి ఉంచడం వల్ల వాటిని తాగితే చక్కెరనీళ్లు గుర్తురావు. అక్కడ కూడా ఇదే పరీక్ష పెట్టండి: తీపి పులుపును మోస్తోందా, కప్పేస్తోందా?

కొందరు ఉత్పత్తిదారులు బ్యాక్టీరియా సాయంతో మాలిక్ ఆమ్లాన్ని మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తారు. చలి ప్రాంతపు ఎర్ర వైన్లకు ఇది దాదాపు తప్పనిసరి. తెల్ల వైన్లలో మాత్రం ఒక్కోసారి వెన్న వాసన ముసురుకుని, అంత నిదానంగా పండిన పండు దాని కింద కనబడకుండా పోతుంది. అది నాకు బాధ కలిగిస్తుంది. ఎర్ర వైన్‌లో వగరు కూడా చూడాలి. గింజ పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే ఆ వగరు చిగుళ్లను గీరుతుంది, గింజ గోధుమరంగుకు తిరిగాక కోస్తే పట్టులా ఉంటుంది.

లోపాల గురించి స్పష్టంగా ఉందాం. సీసా అడుగున గాజుపొడిలా మెరిసే పలుకులు కనబడితే భయపడకండి. అవి టార్టారిక్ ఆమ్లపు లవణాలే. చలికి అడుగున చేరతాయి, హాని చేయవు. చిన్న తోటల సీసాల్లో ఎక్కువగా కనిపించడానికి కారణం, సీసాల్లో నింపే ముందు వైన్‌ని గడ్డకట్టేంత చలిలో ఉంచే ఏర్పాటు అందరికీ ఉండకపోవడమే. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గ్లాసు తిప్పి ఐదు నిమిషాలు ఆగండి, చాలాసార్లు పోతుంది. కానీ వెనిగర్ వాసన, గోళ్లరంగు వాసన, కోసి వదిలేసిన ఆపిల్ వాసన, తడి అట్టపెట్టె వాసన వేరు. చివరిది కార్కు తెచ్చే పాపం, ఆ ఒక్క సీసాకే పరిమితం కావచ్చు, ఇంకో సీసా తెరిచి చూడాలి. మిగతావి చాలావరకు పీపాను నిండుగా ఉంచకపోవడం వల్ల, గాలి తగలనివ్వడం వల్ల వచ్చేవి. తోట చిన్నదని వాటిని క్షమించకూడదు. జాలితో మెచ్చుకుంటే ఆ రైతుకు వచ్చే ఏడాది ఉపయోగపడే ఒక్క మాట కూడా మనం చెప్పినట్టు కాదు.

నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక ఉదయం పన్నెండు తెల్ల వైన్లు వరసగా రుచి చూశాం. తొమ్మిదోది ఒక చిన్న తోటది. "పులుపు తప్ప ఏమీ లేదు" అని రాసి పక్కన పెట్టేశాను. మిగిలిన సీసాకు మూత బిగించి ఇంటికి తెచ్చుకున్నాను. మర్నాడు సాయంత్రం పోసుకుంటే గ్లాసులోంచి నిమ్మపూల వాసన వచ్చింది. పులుపు అలాగే ఉంది, కానీ దాని చుట్టూ రుచి చేరింది. సీసాలో నింపి ఆరు వారాలే అయిందని తర్వాత తెలిసింది. అప్పుడే సీసాకెక్కిన వైన్ కొన్నాళ్లు ముడుచుకుని ఉంటుంది. పైగా ఎనిమిది పుల్లటి వైన్ల తర్వాత నా నాలుక అప్పటికే మొద్దుబారింది. ఆ కాగితం చింపేసి కొత్తగా రాసి పంపాను. అప్పటి నుంచి చలి వైన్లు ఒక పూటకు ఆరు దాటనివ్వను. ప్రతి సీసాలోనూ సగం రేపటికి ఉంచుతాను. అన్నట్టు, ఇవాళ ఇంటికెళ్లగానే పళ్లు తోముకోకండి. ఆమ్లం తగిలిన పంటి పైపొర కాసేపు మెత్తగా ఉంటుంది. నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగండి.

మార్కుల సంగతి అడుగుతారని తెలుసు. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే విశ్రాంత ఆచార్యుడు, స్వయంగా చిన్న వైనరీ నడిపిన మనిషి, కాలిఫోర్నియా రాష్ట్ర స్థాయి పోటీలో ఒక పరీక్ష పెట్టించారు. న్యాయనిర్ణేతలకు తెలియకుండా ఒకే సీసాలోని వైన్‌ని వరసలో మూడుసార్లు పోయించారు. మూడుసార్లూ ఒకే పతకం స్థాయిలో తీర్పు చెప్పగలిగినవాళ్లు పది మందిలో సుమారు ఒక్కరే. 2008లో ఆ వివరాలు అచ్చయ్యాయి. అందువల్ల నేను చిన్న తోటల వైన్లకు అంకెలు వేయడం మానేశాను. పులుపు ఏ జాతిదో, రుచి ఎంతసేపు నిలిచిందో, తప్పు కనబడితే అది కాలానిదో చేతిదో, మళ్లీ ఎప్పుడు తెరిచి చూడాలో రాస్తాను. మూడు నాలుగు వాక్యాలు. మూడువందల సీసాలు మాత్రమే ఉన్న మనిషికి వందకు 84 అనే అంకె కంటే ఆ వాక్యాలే ఎక్కువ పనికొస్తాయి.

ఇప్పుడు గ్లాసులు వెచ్చబడి ఉంటాయి. ఎడమ చేతి వైపు నుంచి మొదలుపెట్టండి. ఒక్కోదాని మధ్య నీళ్లు తాగి, రెండు నిమిషాలు ఆగండి. రెండు గ్లాసుల్లో ఒకే వైన్ ఉందని చెప్పాను కదా. వాటిలో ఒకటి ఈ ఉదయం తెరిచిన సీసాలోది, ఇంకోటి నిన్న మధ్యాహ్నం తెరిచి ఉంచినది. ఏ రెండు ఒకటో, అందులో నిన్నటిది ఏదో కాగితం మీద రాయండి. పేరు రాయక్కర్లేదు. అందరూ రాయడం అయ్యాక సీసాలు బయటికి తెస్తాను.