చచ్చి ఇంటికొచ్చాకే అసలు కథ

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నన్ను పిలిచిన నిర్వాహకులకు, సెలవురోజు పొద్దున్నే వచ్చి కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. పేరుపేరునా చెప్పాలని ఉంది. కానీ నాకిచ్చిన సమయం తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. నేరుగా విషయంలోకి వస్తాను.

కార్యక్రమ పత్రంలో నా అంశం 'పురాణ గాథలు, రోగ్‌లైక్ ఆటల ఆకర్షణ' అని వేశారు. నేను మాట్లాడబోయేది మాత్రం ఒకే ఒక్క వీడియో గేమ్ గురించి. దాని పేరు 'హేడీస్'. సూపర్‌జయంట్ గేమ్స్ అనే చిన్న సంస్థ తీసింది. 2018 డిసెంబరులో సగం తయారైన ఆటనే జనం చేతిలో పెట్టి, వాళ్లు ఆడుతుంటే చూస్తూ, మార్చుకుంటూ, 2020 సెప్టెంబరు 17న పూర్తి రూపం విడుదల చేశారు. 2021లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు అందుకుంది. అంతకుముందు ఏ వీడియో గేమ్‌కూ ఆ అవార్డు రాలేదు. ఈ వివరాలు ఇక్కడితో చాలు.

రోగ్‌లైక్ అనే ఈ రకం ఆటలకు పేరు 1980 నాటి 'రోగ్' అనే ఆట నుంచి వచ్చింది. ప్రతిసారీ దారులు మారిపోతాయి, చస్తే అంతే సంగతులు, మళ్లీ మొదటి నుంచి. చాలామందిని భయపెట్టేది సరిగ్గా ఇదే. గంటసేపు చెమటోడ్చి ఆడి, ఒక్క క్షణం కన్ను పక్కకు తిప్పితే అంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇంకోసారి ఆడాలంటే మనసు రాదు.

హేడీస్ ఏం చేసిందో చూడండి. మన హీరో జాగ్రియస్, గ్రీకు పురాణాల్లోని పాతాళాధిపతి హేడీస్ కొడుకు. తండ్రి ఇంటి నుంచి పారిపోయి పైలోకానికి చేరాలి. టార్టరస్, ఆస్ఫొడెల్, ఎలీసియం అనే పాతాళ ప్రాంతాలు దాటుకుంటూ పోవాలి. దారిలో ఒలింపస్ దేవుళ్లు వరాలిస్తారు. జ్యూస్ ఇస్తే కత్తి వేటుకు మెరుపు తోడవుతుంది, పొసైడన్ ఇస్తే శత్రువు అలకు కొట్టుకుపోయినట్టు వెనక్కి పడతాడు. గది ముగిసే చోట తలుపుల మీద అవతల ఏం దొరుకుతుందో గుర్తులుంటాయి. ఇటా, అటా? మీరే తేల్చుకోవాలి. చేతికి ఊపిరాడదు. తప్పించుకోవడానికి దూకడం, దూకిన చోటి నుంచే కొట్టడం, మళ్లీ దూకడం. ఒక విడత ఆట మహా అయితే అరగంట, నలభై నిమిషాలు. ఆ అరగంటలో ఫోను మోగినా వినబడదు.

సరే, చచ్చారు. అప్పుడేమవుతుంది? జాగ్రియస్ స్టిక్స్ నది ఎర్రటి నీళ్లలోంచి తల విదుల్చుకుంటూ తండ్రి ఇంట్లోనే పైకి లేస్తాడు. ఎదురుగా నిద్రదేవుడు హిప్నోస్, చేతిలో జాబితా పట్టుకుని, కళ్లు నులుముకుంటూ, 'అరె, నిన్ను ఫలానా వాళ్లు చంపేశారట కదా' అన్నట్టు పలకరిస్తాడు. ఇంకాస్త ముందుకెళ్తే బల్ల దగ్గర తండ్రి, తలెత్తకుండానే ఓ పుల్లవిరుపు మాట. పక్కన మూడు తలల కుక్క సెర్బెరస్, నిమిరితే ఊరుకుంటుంది. గ్రీకు వీరుడు అకిలీస్ కాపలా కాస్తూ ఓ మంచి మాట చెబుతాడు. పెంచిన తల్లి నిక్స్ ధైర్యం చెబుతుంది.

ఇంకో సంగతి. టార్టరస్ చివర మెగేరా అనే ప్రతీకార దేవత ఉంటుంది, కొరడా పట్టుకుని. మొదట్లో మనల్ని చావగొడుతుంది. తర్వాత ఏదో ఒక రోజు మనమే ఆమెను ఓడిస్తాం. మళ్లీ చచ్చి ఇంటికొస్తే ఆమె లాంజ్‌లో ఓ పక్కన కూర్చుని ఉంటుంది! ఆమె కూడా అదే నదిలోంచి లేచి వచ్చింది మరి. ఇందాక ప్రాణాలు తీసుకున్న ఇద్దరూ ఇప్పుడు ముఖాముఖి మాట్లాడుకోవాలి. ఆ ఇబ్బంది, ఆ కోపం, వెనక ఉన్న పాత చనువు, అన్నీ ఆ నాలుగు మాటల్లో తెలుస్తాయి. ఇవన్నీ వినాలంటే ఓడి ఇంటికి రావాల్సిందే. ఎవరి చేతిలో పోయారు, ఏ ఆయుధం పట్టుకుని పోయారు, ఆట గుర్తుపెట్టుకుని దానికి తగ్గ మాట పలికిస్తుంది. పదుల గంటలు ఆడినా అదే మాట రెండోసారి వినబడటం అరుదు.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, మన్నించండి. సిసిఫస్ గురించి చెప్పకుండా ఉండలేను. బండను కొండపైకి దొర్లించడం, అది మళ్లీ కిందికి రావడం, యుగయుగాల శిక్ష. గ్రీకు గాథల్లో ఇంతకంటే నిరర్థకమైన శ్రమ లేదంటారు. ఈ ఆటలో ఆయన టార్టరస్‌లో ఓ గదిలో కనిపిస్తాడు. నవ్వు ముఖంతో! బండకు 'బౌల్డీ' అని పేరు పెట్టుకున్నాడు. మనకు వైద్యమో, కాసిని నాణేలో ఇచ్చి పంపిస్తాడు. మనం బౌల్డీతో కూడా మాట్లాడొచ్చు, అమృతం కానుకగా ఇవ్వొచ్చు. మళ్లీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే ఆటలో, ఆ పనే శిక్షగా పడిన మనిషిని పెట్టి, ఆయన్ని మనకు స్నేహితుడిగా ఇచ్చారు. ఇంత లోతుగా ఆలోచించి పెట్టిన పాత్రను నేను ఏ ఆటలోనూ చూడలేదు.

పాతాళపు మనుషుల గురించి చెబుతుంటే గుర్తొచ్చింది. నిజానికి ఈ రోజు వచ్చిందే ఈ మాట చెప్పడానికి.

ఆ మధ్య ఇలాంటి సమావేశమే మరోచోట జరిగింది. యాభై దాటిన ఒకాయన వచ్చారు. జబ్బు చేసి కుడిచేతి వేళ్లు సరిగ్గా పనిచేయవు. నెలల తరబడి ఆడి ఆడి, చివర్లో దారికడ్డం నిలిచే తండ్రి హేడీస్‌ను ఓడించానని లేచి చెప్పారు. ముఖం వెలిగిపోతోంది. ముందు వరసలో కూర్చున్న ఓ కుర్రాడు 'గాడ్ మోడ్ పెట్టుకున్నారా?' అని అడిగాడు. అవునన్నారాయన. 'అయితే లెక్కలోకి రాదు' అన్నాడు కుర్రాడు. కొందరు నవ్వారు. ఆయన కూర్చుండిపోయారు. సమావేశం ముగిసేదాకా నోరు విప్పలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

గాడ్ మోడ్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. పేరు చూసి దెబ్బే తగలదనుకుంటారు. అలా కాదు. ఆన్ చేయగానే తగిలే దెబ్బలో 20 శాతం తగ్గుతుంది. ఆ తర్వాత చచ్చిన ప్రతిసారీ మరో 2 శాతం. 80 దగ్గర ఆగిపోతుంది. అంటే మామూలుగా 10 పాయింట్లు ప్రాణం తీసే దెబ్బ మొదట్లో 8 తీస్తుంది, ముప్పై సార్లు చచ్చాక 2 తీస్తుంది. కొట్టాల్సింది మీరే, తప్పించుకోవాల్సింది మీరే. కథలో ఒక్క ముక్క కూడా తెగదు.

చూడండి, ఆ సాయం పెరిగేది చావుతోనే! ఓడి ఇంటికొచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి చేతికి రావడమే ఈ ఆట ప్రాణం. దారిలో పోగైన 'చీకటి' అనే నిధితో జాగ్రియస్ గదిలోని అద్దం ముందు శక్తి పెంచుకోవడమూ అదే, హిప్నోస్ పలకరింపూ అదే, గాడ్ మోడ్ కూడా అదే. అద్దం వాడుకుంటే లెక్కలోకి వస్తుందట, ఇది వాడుకుంటే రాదట! ఏ న్యాయమండీ ఇది? ఎవరిచ్చారు వీళ్లకు ఈ పెత్తనం? కావాలనుకున్నవాళ్లకు ఆట ఇంకా కష్టమయ్యేలా నిబంధనలు తగిలించుకునే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. తగిలించుకోండి, ఆడండి, నేను చప్పట్లు కొడతాను. పక్కవాడి ఆనందాన్ని కొలవడానికి మాత్రం తూకం రాళ్లు పట్టుకుని రాకండి.

ఆడనివాళ్లు ఓ నిమిషం చెవులు మూసుకోండి, కథలో ఓ ముడి విప్పుతున్నాను. హేడీస్‌ను ఓడించి పైకి చేరినా జాగ్రియస్ ఎక్కువసేపు బతకడు. పాతాళంలో పుట్టినవాడికి పైలోకం పడదు. కన్నతల్లి పెర్సెఫొనీతో నాలుగు మాటలు మాట్లాడేలోపే ప్రాణం పోతుంది, మళ్లీ అదే నది, అదే ఇల్లు. గెలిచినా చావే! తల్లి చెప్పే మిగతా కథ వినాలంటే మళ్లీ మళ్లీ గెలిచి, మళ్లీ మళ్లీ చావాలి. పదోసారి చేరాక గానీ కథ ముగింపుకు రాదు. ఇంత శ్రమపడి ఆ తల్లి ముందు నిలబడిన మనిషిని పట్టుకుని లెక్కలోకి రాదనడానికి నోరెలా వచ్చింది?

ఆయన ఈ రోజు ఇక్కడికి రాలేదు. పిలిచాం, రానన్నారు. ఆయన్ని తెలిసినవాళ్లు మీలో ఉన్నారు. దయచేసి వెళ్లి కలవండి, రెండో భాగం కూడా 2025 సెప్టెంబరులో పూర్తిగా వచ్చేసిందని చెప్పండి, అందులోనూ గాడ్ మోడ్ ఉందని చెప్పండి.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు. వెనక బల్లల మీద రెండు కంప్యూటర్లలో ఆట తెరిచి పెట్టాం. గాడ్ మోడ్ సెట్టింగ్స్‌లో ఎక్కడుందో నేనే పక్కన నిలబడి చూపిస్తాను. ఎప్పుడూ ఆడనివాళ్లు ముందు రండి. చేయి తిరిగినవాళ్లు కాసేపు ఆగండి, వాళ్లు అడిగితే తప్ప సలహాలు ఇవ్వకండి. నమస్కారం.