చిన్న డింగీకి కొత్త హంగులు: స్కిఫ్‌తో పోలిక ఎంతవరకు?

అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, పడవలు ఒడ్డున కట్టేసి ఈ సమావేశానికి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఓటింగుకు ముందు కాసేపు మాట్లాడమన్నారు కనుక మర్యాద వాక్యాలు తగ్గించుకుని నేరుగా విషయానికి వస్తాను. మీ చేతుల్లో ఉన్న తీర్మానం మన క్లాసు (ఒకే నిబంధనల కింద పందేలాడే పడవల వర్గం) డింగీకి, అంటే మన చిన్న తెరచాప పడవకు, నాలుగు మార్పులను ఒకే మూటగా కట్టింది: తెరచాపను మోసే అల్యూమినియం మాస్ట్ బదులు కార్బన్ మాస్ట్, మన్నికైన బట్టతో కొత్త కోత తెరచాప, లోపలికి వచ్చిన నీరు దానంతటదే బయటికిపోయే డబుల్ ఫ్లోర్, చివరిగా ముక్కు ముందుకు సాగే బౌస్ప్రిట్ అనే కర్ర మీద ఎగిరే అసిమెట్రిక్ స్పినాకర్, అంటే గాలివాటున వాడే పెద్ద ఉబ్బెత్తు తెరచాప. మొదటి మూడింటినీ మనస్ఫూర్తిగా బలపరుస్తున్నాను. నాలుగోదానికి నా సమ్మతి లేదు. ఎందుకు లేదో చెప్పడానికే నిలబడ్డాను.

మార్పును అడ్డుకునేవాళ్లు ఉంటారనడానికి మన క్రీడలో ఎప్పుడూ ఒకే ఉదాహరణ చూపిస్తారు. నాకూ అది ఎంతో ఇష్టమైన ఘట్టం. 1938లో ఇంగ్లండులో ఇంటర్నేషనల్ 14 క్లాసు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కప్ పందెంలో పీటర్ స్కాట్, జాన్ వింటర్ ‘థండర్ అండ్ లైట్నింగ్’ అనే పడవతో దిగారు. దక్షిణ ధ్రువయాత్రలో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ కుమారుడే ఈ పీటర్ స్కాట్. 1936 ఒలింపిక్స్‌లో తెరచాప పడవ నడిపి కాంస్యం తెచ్చుకున్నవాడు. అప్పటిదాకా పడవ ఒరగకుండా ఆపడానికి మామూలు పద్ధతి అంచు మీద కూర్చుని వెనక్కి వాలడమే. వీళ్లు మాస్ట్ పైభాగం నుంచి ఒక తీగ దించి, నడుముకు కట్టిన పట్టీ కొక్కేన్ని దానికి తగిలించి, పాదాలు మాత్రమే పడవ అంచుకు ఆనించి, మనిషి మొత్తం నీటి మీద చాచుకునే ఏర్పాటు చేశారు. థేమ్స్ నది మీద బీచర్ మూర్ తన ‘వాగబాండ్’ పడవలో పరీక్షించిన పద్ధతి అది. గెలిచారు. గెలిచిన కొద్దికాలానికే ఆ క్లాసువారు ట్రపీజ్ అనే ఆ తీగ ఏర్పాటును నిషేధించారు.

ఆ నిషేధం సుమారు ముప్పై ఏళ్లు సాగిందంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. లోకానికి చూపించింది వాళ్ల క్లాసే, పేరు తెచ్చిన విజయం వాళ్ల కప్పులోనే. ఫలం అనుభవించింది మాత్రం ఇతరులు. 1950లలో ఫ్లయింగ్ డచ్‌మన్, 505 క్లాసులు ట్రపీజ్‌ను చేరదీసి అంతర్జాతీయ పందేల్లో ముందుకు వెళ్లాయి. ఫ్లయింగ్ డచ్‌మన్ 1960 నుంచి 1992 వరకు ఒలింపిక్ పడవగా నిలిచింది. ఒక తీగ, ఒక పట్టీ, ఒక కొక్కెం! ఇంత చిన్న సామగ్రిని అనుమతించడానికి ఒక తరం గడిచిపోవాలా?

ఈ కథ మీద ఇంతసేపు ఎందుకు నిలిచానంటే, బౌస్ప్రిట్‌ను కాదనేవాళ్లందరూ ఆనాడు ట్రపీజ్‌ను కాదన్నవాళ్ల వారసులేనని మనలో కొందరు యువ మిత్రులు అంటున్నారు. దయచేసి ఒక్క క్షణం ఆలోచించండి. ట్రపీజ్ తగిలించుకోవడానికి ఎవరూ కొత్త పడవ కొనాల్సిన అవసరం రాలేదు. ఉన్న పడవకే తీగ కట్టుకుని, మర్నాడు పందెంలోకి దిగవచ్చు. నా దృష్టిలో మార్పును తూచే తూకం ఇదే: పాత హల్‌కు, అంటే పడవ ఒంటికి, దాన్ని బిగించి, ఆ పాత హల్‌తోనే గెలవడం సాధ్యమా, కాదా?

ఇక స్కిఫ్ సంగతి, అంటే చాలా తేలికైన, పెద్ద తెరచాపలున్న వేగపు పడవ సంగతి. సిడ్నీ హార్బర్‌లో పంతొమ్మిదో శతాబ్దం చివర పుట్టిన 18 అడుగుల పడవలు దానికి మూలపురుషులు. అప్పట్లో పదిమందికి పైగా మనుషుల బరువును ఒక అంచున కూర్చోబెట్టి భారీ తెరచాపలు మోయించేవారు. కాలక్రమంలో హల్ తేలికై మనుషులు ముగ్గురికి తగ్గారు. జూలియన్ బెత్‌వెయిట్ రూపకల్పన చేసిన 49ఇఆర్ అనే పడవ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌తో స్కిఫ్‌ను లోకానికి పరిచయం చేసింది. దాని పొడవు 5 మీటర్లకు కాస్త తక్కువ. గాలికి ఎదురెక్కేటప్పుడు రెండు తెరచాపలు కలిపి సుమారు 21 చదరపు మీటర్లు, గాలివాటున స్పినాకర్ ఒక్కటే సుమారు 38. రెండు పక్కలా మనుషులు నిలబడే రెక్కలు, ఇద్దరికీ ట్రపీజ్. 14 అడుగుల మెర్లిన్ రాకెట్ అనే మామూలు డింగీ గాలికి ఎదురెక్కేటప్పుడు వాడే తెరచాప 10 చదరపు మీటర్ల చుట్టుపక్కలే.

ఈ అంకెల వెనుక ఒకే ఒక లెక్క ఉంది. నీటిని తోసుకుంటూ పోయే హల్ తన పొడవు నిర్ణయించిన వేగం దగ్గర ఆగిపోతుంది. నీటిరేఖ 14 అడుగులుంటే అది దాదాపు 5 నాట్లు (గంటకు సుమారు 9 కిలోమీటర్లు). దాన్ని దాటాలంటే పడవ నీటి మీదికి లేచి జారాలి. మొత్తం బరువుతో పోలిస్తే తెరచాపను నిలబెట్టగల శక్తి చాలా ఎక్కువగా ఉన్నందువల్ల స్కిఫ్ గాలికి ఎదురుగా కూడా జారగలదు. అంతవేగంగా పోయే పడవకు తన వేగమే కొత్త గాలిని పుట్టిస్తుంది, ఆ గాలి ముందువైపు నుంచి వస్తుంది, అందుకే అది నేరుగా గాలివాటున ఎన్నడూ పోదు. అటొక వాలు, ఇటొక వాలు కోసుకుంటూ దిగుతుంది. అసిమెట్రిక్ స్పినాకర్ ఆ ప్రయాణానికి పుట్టిన తెరచాప.

దాన్ని మన హల్‌కు కడితే ఏమవుతుంది? సూటి దారికి 40 డిగ్రీల పక్కగా దిగే పడవ దాదాపు 30 శాతం ఎక్కువ దూరం పోవాలి. స్కిఫ్ ఆ దూరాన్ని వేగంతో రాబట్టుకుంటుంది. మన పడవ నడిమి గాలిలో లేచి జారదు కనుక ఆ 30 శాతం నష్టంగానే మిగులుతుంది. నష్టం పూడ్చాలంటే తెరచాప పెంచాలి, తెరచాప పెంచితే రెక్కలు కావాలి, రెక్కల మీద ఇద్దరు వేలాడితే పాత హల్ తట్టుకోదు. నాలుగో అంశానికి ఓటు వేయడమంటే ఐదు, ఆరు, ఏడో అంశాలకూ ఇప్పుడే ఓటు వేయడమన్నమాట.

అలా వెళ్లినవాళ్లను నేను తప్పుపట్టను. ఇంటర్నేషనల్ 14వారు 1984లో ఇద్దరికీ ట్రపీజ్ ఇచ్చి, 1996లో ఆస్ట్రేలియా 14 అడుగుల క్లాసుతో కలిసి స్కిఫ్‌గానే మారారు. మాత్ అనే క్లాసు పడవలు నీటిని వదిలి, కింద నీటిలో ఉండే రెక్కల్లాంటి ఫాయిల్స్ మీద ఎగిరాయి. 2005 ప్రపంచ పోటీలో ఎగిరే మాత్ గెలిచాక మామూలు మాత్‌లకు ముందు వరుసలో చోటు లేకుండా పోయింది. అవి పడవను ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోవడం కోసమే పుట్టిన క్లాసులు, అందులో చేరినవారికి ఆ సంగతి ముందే తెలుసు. మన సభ్యులు అటువంటి ఒప్పందం మీద ఇక్కడికి రాలేదు.

మరి మంచి మార్పు ఎలా ఉంటుంది? లేజర్ అనే డింగీని చూడండి. అల్యూమినియం పైమాస్ట్ గట్టి గాలికి శాశ్వతంగా వంగిపోయేది. దాని బదులు కాంపోజిట్ మాస్ట్ వచ్చింది, ఎక్కువకాలం ఆకారం చెదరని కొత్త కోత తెరచాప వచ్చింది. ఏ పాత హల్‌కైనా అవి అలాగే సరిపోతాయి. 49ఇఆర్ వారు కూడా 2009లో కార్బన్ మాస్ట్‌కు, వెడల్పు తల తెరచాపకు మారినప్పుడు హల్‌ను ముట్టుకోలేదు. మహిళల కోసం ఎఫ్‌ఎక్స్ అనే రూపం తయారుచేసినప్పుడు అదే హల్ మీద చిన్న తెరచాపలు నిలబెట్టి 2016 ఒలింపిక్స్‌కు తీసుకువెళ్లారు. స్కిఫ్ నుంచి మనం నేర్చుకోవలసిన పాఠమేదైనా ఉంటే అది ఇది.

కార్బన్ మాస్ట్ ఏం చేస్తుందో పక్కనుంచి గమనించండి. గాలి ఒక్కసారిగా విసిరినప్పుడు మాస్ట్ కొస వెనక్కీ పక్కకీ వంగుతుంది, తెరచాప వెనకంచు పైన విచ్చుకుని అదనపు గాలిని వదిలేస్తుంది, పడవ ఒరగకుండా ముందుకు దూకుతుంది. విసురు తగ్గగానే కొస చటుక్కున యథాస్థానానికి వస్తుంది. బరువైన అల్యూమినియం కొస ఆలస్యంగా స్పందిస్తుంది, అప్పటికే చిన్న వయసు క్రూ వెనక్కి వాలీ వాలీ అలసిపోయి ఉంటారు. తండ్రీకూతుళ్లు, బామ్మా మనవడు జంటగా దిగే క్లాసు మనది. తేలికైన మాస్ట్ మొదట మేలు చేసేది వాళ్లకే.

డబుల్ ఫ్లోర్ విషయంలో మాత్రం నా తూకమే నన్ను ఇబ్బందిపెడుతోంది, దాన్ని మీ దగ్గర దాచను. పాత హల్‌కు దాన్ని అమర్చడం తేలిక కాదు. బోల్తాపడి లేచాక పాత పడవలో మోకాలి లోతు నీరు అటూ ఇటూ కొట్టుకుంటూ మళ్లీ పడదోస్తుంది. కొత్త ఫ్లోర్ ఉన్నదైతే లేస్తూనే నీరు దులిపేసుకుని కదులుతుంది. అయినా బలపరుస్తున్నాను, ఎందుకంటే నిటారుగా నడిచే పడవకు అది వేగం ఇవ్వదు. తక్కిన కొలతలు, కనీస బరువు యథాతథంగా ఉంచితే పాత పడవ ఓడిపోయేది పడిపోయినప్పుడే. పైగా కొత్తగా నేర్చుకునేవాళ్ల భద్రత అందులో ఉంది.

కాబట్టి అధ్యక్షుల వారికి నా విన్నపం: ఈ తీర్మానాన్ని మూటగా కాక నాలుగు వేర్వేరు ఓట్లుగా సభ ముందు పెట్టండి. డబుల్ ఫ్లోర్ అంశంలో ‘హల్ కనీస బరువు మారదు’ అనే వాక్యం చేర్చే సవరణను ఇప్పుడే ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు చేతులెత్తండి.